సోర్సరర్ తన స్పెల్‌ని రాత్రికి రాత్రి మార్చుకోవచ్చా? మా టేబుల్ మీద తెగని పంచాయితీ

పెన్నగట్టు (నెల్లూరు), ఆదివారం రాత్రి

అందరికీ నమస్తే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మాగుంట లేఅవుట్‌లో మా మేడ మీద గదిలో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసుకుని పాచికలతో నడిపే కథల ఆట) ఆడతాం. ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. కథ నడిపే డీఎంని నేనే. పుస్తకం చదివి మంత్రం నేర్చే విజర్డ్, పుట్టుకతోనే మంత్రం వచ్చిన సోర్సరర్, దేవుడి శక్తితో మంత్రం వేసే క్లెరిక్, కత్తి పట్టే ఫైటర్, నలుగురు ఆడతారు. మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది, అందరూ ఐదో లెవెల్లో ఉన్నారు.

ఇవాళ ఆట మధ్యలో గంటన్నర ఆగిపోయింది. సోర్సరర్ ఆడేది మా పిన్ని కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం. మొదటి లెవెల్లో సోర్సరర్‌కి వచ్చేది రెండే స్పెల్స్ (మంత్రాలు) కదా, స్లీప్ (నిద్రపుచ్చేది), విచ్ బోల్ట్ తీసుకుంది. అప్పట్లో స్లీప్ బ్రహ్మాండంగా పనిచేసింది. డీ8 (ఎనిమిది ముఖాల) పాచికలు అయిదు వేస్తే సగటున 22 వస్తుంది, అన్ని హిట్ పాయింట్ల (ప్రాణం లెక్క) మేరకు శత్రువులు నిద్రపోతారు. గోబ్లిన్‌కి ఉండేది 7, ఒక్క దెబ్బకి ముగ్గురు గుర్రు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఎదురొచ్చే ఓగర్‌కి 59. ఆ కార్డు చేతిలో ఉన్నా లేనట్టే. విచ్ బోల్ట్‌ని నాలుగో లెవెల్లో ఇన్విజిబిలిటీకి మార్చుకుంది. మిగతావి బర్నింగ్ హ్యాండ్స్, స్కార్చింగ్ రే, మిస్టీ స్టెప్, ఫైర్‌బాల్. ఎర్ర డ్రాగన్ వంశం తీసుకుంది కాబట్టి నిప్పు మీద మోజు.

ఇవాళ గుహలో నాలుగు హెల్ హౌండ్లు (నరకపు కుక్కలు) వచ్చాయి. వాటికి నిప్పు అంటదు. ఒక్కోదానికి 45 పాయింట్లు, కాబట్టి స్లీప్ కూడా పారలేదు. పిల్ల ఆరు రౌండ్లు రే ఆఫ్ ఫ్రాస్ట్ అనే చిన్న చలి మంత్రం ఒక్కటే వేసుకుంటా కూర్చుంది. పక్కన విజర్డ్ ఏమో పొద్దున్నే కావాల్సినవి సర్దుకుని వచ్చాడు.

ఆట అయ్యాక అడిగింది, "అన్నా, రోజూ లాంగ్ రెస్ట్ అయ్యాక ఒక్క స్పెల్ మార్చుకోనీ" అని. లాంగ్ రెస్ట్ అంటే ఆటలో పాత్రలు రాత్రి పడుకుని లేవడం. 2019లో వచ్చిన ప్రయోగ నియమం ఒకటి చూపించింది. విజర్డ్ ఆడే మిత్రుడు వెంటనే, "అట్లయితే నేను ఈ పుస్తకం ఎందుకు మోస్తా ఉండాను?" అన్నాడు. ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. ఏం చెప్పాలో తేలక వచ్చే ఆదివారం చెప్తానన్నా.

లెవెల్ పెరిగినప్పుడు ఒకటి మార్చుకోవచ్చు కదా అంటారు. ఆ వెసులుబాటు ఉందని మూడో లెవెల్లో పిల్లకి నేను చెప్పలేదు, మర్చిపోయాను. అయిదో లెవెల్లో చెప్పాను గానీ స్లీప్ ఇంకా పనికొస్తుందనుకుని తను ఉంచుకుంది. పైగా మా టేబుల్లో ఇప్పుడు ఒక లెవెల్ పెరగడానికి నాలుగు నెలలు పడుతుంది. మీ టేబుళ్లలో ఎట్లా చేస్తున్నారో చెప్పండి.


ఇరవై ముఖాలు (ఒంగోలు), ఆదివారం రాత్రి

ముందు నియమాల సంగతి సరిగ్గా పెట్టుకుందాం.

2014 పుస్తకం ప్రకారం బార్డ్, సోర్సరర్, వార్లాక్, రేంజర్ అనే క్లాసుల (పాత్రల రకాల) వాళ్లు లెవెల్ పెరిగినప్పుడు మాత్రమే ఒక స్పెల్ వదిలి ఇంకోటి తీసుకోగలరు. విజర్డ్, క్లెరిక్, డ్రూయిడ్, పాలడిన్ లాంగ్ రెస్ట్ అయ్యాక జాబితా మొత్తం తిరగరాసుకోవచ్చు.

2019 నవంబరులో వచ్చిన ప్రయోగ నియమాల్లో 'స్పెల్ వర్సటిలిటీ' అని ఒకటి ఉండేది. మీ చెల్లెలు చూపించింది అదే. లాంగ్ రెస్ట్ తర్వాత ఒక స్పెల్ మార్చుకోవచ్చు, కానీ కొత్తది పాతదాని లెవెల్‌దే అయి ఉండాలి (పాత్రలకి ఉన్నట్టే స్పెల్స్‌కీ వేరే లెవెళ్లు ఉంటాయి). అంటే స్లీప్ ఇచ్చేసి ఇంకో ఫైర్‌బాల్ లాంటిది తీసుకోవడం కుదరదు, ఒకటో లెవెల్‌ది ఇస్తే ఒకటో లెవెల్‌దే వస్తుంది. లెవెల్ పెరిగినప్పుడు చేసే మార్పిడికి ఈ కట్టడి లేదు, స్లాట్ (రోజుకి ఇన్నిసార్లు స్పెల్ వేయొచ్చనే లెక్క) ఉన్న ఏ లెవెల్‌దైనా తీసుకోవచ్చు. చాలామంది ఈ తేడా గమనించరు.

సంవత్సరం తర్వాత 2020 నవంబరులో ట్యాషా పేరుతో అదనపు నియమాల పుస్తకం వచ్చినప్పుడు అందులో ఆ నియమం లేదు. ఐచ్ఛికంగా మిగిలింది క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు లేకుండా వేసే చిన్న మంత్రం) మార్పిడి, సోర్సరర్‌కైతే దానికి బదులు మెటామ్యాజిక్ (వేసే మంత్రాన్ని వంచి వాడే విద్య) మార్పిడి. అదీ ఎబిలిటీ స్కోర్ (పాత్ర బలం, తెలివి లాంటి అంకెలు) పెరిగే లెవెళ్లలోనే, అంటే నాలుగు, ఎనిమిది అట్లా. విజర్డ్‌కి మాత్రం మూడో లెవెల్ నుంచి ప్రతి లాంగ్ రెస్ట్‌కీ ఒక క్యాంట్రిప్ మార్చుకునే వీలు ఇచ్చారు. ప్రయోగించి చూసి పక్కన పెట్టిన నియమాన్ని మీరు మళ్లీ తెస్తున్నారని తెలిసి తెచ్చుకోండి. తేకూడదని నేను అనడం లేదు.


పుస్తకం మోసేవాడు (నెల్లూరు), ఆదివారం రాత్రి

పైన చెప్పిన విజర్డ్‌ని నేనే. నా పక్షం నేనే చెప్పుకుంటా.

అయిదో లెవెల్‌కి నా పుస్తకంలో సహజంగా ఉండేవి 14 స్పెల్స్. నా దగ్గర 17 ఉన్నాయి. ఆ మూడూ ఊరికే రాలేదు. ఫ్లై (ఎగిరే మంత్రం) రాసి ఉన్న స్క్రోల్ దొరికితే, రాసుకోడానికి ఆటలో ఆరు గంటలు, 150 బంగారు నాణేలు పోయాయి. ఆ డబ్బుకి మా ఫైటర్‌కి మంచి కవచం ఇప్పించుకుందాం అన్నాం, నేనే బతిమాలి తీసుకున్నా. ఆ రాత్రి మిగతావాళ్లు విందులో ఉంటే నా పాత్ర సత్రం గదిలో దీపం కింద కూర్చుని రాసుకుంది. డీఎం ఆ దృశ్యాన్ని ఎంత బాగా చెప్పాడంటే నాకిప్పటికీ గుర్తుంది.

ఇంకొకరు నిద్రపోయి లేచి, జాబితాలో ఉన్న ఏ స్పెల్ అయినా సరే, రాసుకోకుండా, ఖర్చు లేకుండా తెచ్చుకుంటే నా కష్టానికి విలువేముంది? చెల్లి మీద నాకేం కోపం లేదు. హెల్ హౌండ్ల ముందు తను కూర్చున్న తీరు చూసి నాకూ బాధేసింది. కానీ మందు ఇది కాదు.


పలక బలపం (మార్కాపురం), సోమవారం పొద్దున

మా ఊరు పలకలకి పేరు, కాబట్టి నా ఉదాహరణ అక్కడి నుంచే.

మా టేబుల్లో విజర్డ్‌కీ క్లెరిక్‌కీ నిజంగానే ఒక్కో పలక ఇస్తాం. లాంగ్ రెస్ట్ అయిందనగానే తడిగుడ్డతో తుడిచి, బలపంతో ఆ రోజు స్పెల్స్ రాసుకుంటారు. ఆ గీత చప్పుడు వినపడిందంటే మా ఆటలో తెల్లవారిందని లెక్క. సోర్సరర్‌కి పలక ఇవ్వం. తనకి చీమకుర్తి నుంచి తెచ్చిన గ్రానైట్ ముక్క, అరచేయంత, నల్లటి రాయిలో బంగారు మెరుపులు ఉండేది. దాని మీద తెల్ల పెయింటుతో స్పెల్ పేర్లు రాసిపెట్టాం. లెవెల్ పెరిగిన రోజున మాత్రమే ఒక పేరు గీకేసి ఇంకోటి రాస్తాం.

పలక మీదది చదువు, రాయి మీదది రక్తం. సోర్సరర్‌కి మంత్రం వంశంలోంచి వచ్చింది, ఎవరూ నేర్పలేదు. ఎర్ర డ్రాగన్ నెత్తురు రాత్రి పడుకుని లేచేసరికి ఎట్లా మారుతుంది? నా మట్టుకు నేను రోజువారీ మార్పిడికి పూర్తిగా వ్యతిరేకం. లెవెల్‌కి ఒకటి చాలు.


మూడో ఎడిషన్ మనిషి (నెల్లూరు), సోమవారం మధ్యాహ్నం

పలక బలపం గారి పోలిక నాకు నచ్చింది. కానీ ఆ రాయి బరువు ఎప్పుడు, ఎందుకు సోర్సరర్ నెత్తికెక్కిందో చెప్పకుండా తీర్పు ఇవ్వకూడదు. ఇది నేను చాలా ఏళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట, కాస్త ఓపిగ్గా చదవండి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆట తెచ్చినప్పటి నుంచి మంత్రగాడి పద్ధతి ఒకటే. పొద్దున పుస్తకం చూసి బుర్రలోకి ఎక్కించుకుంటాడు, ఒకసారి పలకగానే అది బుర్రలోంచి పోతుంది. జాక్ వాన్స్ అనే రచయిత కథల నుంచి గైగాక్స్ తీసుకున్న ఊహ అది, అందుకే ఇప్పటికీ దాన్ని వాన్సియన్ పద్ధతి అంటారు. ఆ పద్ధతిలో విజర్డ్ ఒక్కో స్లాట్‌కీ ముందే లెక్క కట్టుకోవాలి. రెండు ఫైర్‌బాల్స్ కావాలంటే రెండు స్లాట్లలో రెండు సార్లు పెట్టుకోవాలి. ఫ్లై ఒకటే పెట్టుకున్నాడు, అది వాడేశాడు అంటే ఇంక ఆ రోజుకి ఎగరడం లేదు.

2000లో మూడో ఎడిషన్‌లో సోర్సరర్ ఒక క్లాస్‌గా వచ్చాడు. అతనితో కుదుర్చుకున్న బేరం ఏమిటంటే, "నీకు తెలిసినవి కొన్నే. కానీ వాటిలో ఏది కావాలన్నా, ఎన్నిసార్లయినా, ముందు లెక్క కట్టకుండా వాడుకో. విజర్డ్ కంటే రోజుకి కొన్ని ఎక్కువ కూడా వాడుకో." ఒక చెయ్యి కట్టేసి ఇంకో చేతికి బలం ఇచ్చారు. మొదట మార్పిడి అసలు లేదు. 2003లో వచ్చిన మూడున్నర ఎడిషన్‌లో నాలుగో లెవెల్లోనూ ఆ పైన ప్రతి సరి లెవెల్లోనూ ఒకటి మార్చుకోనిచ్చారు. 2008లో నాలుగో ఎడిషన్‌లో రీట్రైనింగ్ అని పెట్టి, క్లాస్‌తో పని లేకుండా అందరికీ లెవెల్‌కి ఒక మార్పు ఇచ్చారు.

ఇక 2014. అయిదో ఎడిషన్‌లో విజర్డ్ స్లాట్ల వారీగా లెక్క కట్టుకోనక్కర్లేదు. పొద్దున జాబితా సర్దుకుంటే చాలు, అందులో ఏది ఎన్నిసార్లయినా తనిష్టం. అంటే 2000లో సోర్సరర్‌కి ఇచ్చిన సరుకుని అందరికీ పంచేశారు. ధర మాత్రం సోర్సరర్ దగ్గరే వసూలు చేస్తున్నారు. అయిదో లెవెల్లో ఇద్దరికీ ఉన్న స్లాట్లు చూడండి: 4, 3, 2. సమానం. ఇంటెలిజెన్స్ 18 ఉన్న విజర్డ్ సిద్ధం చేసుకునేవి 9, అవీ రోజూ మారతాయి. సోర్సరర్‌కి తెలిసినవి 6, అవి మారవు.

మెటామ్యాజిక్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ దానికి అయిదో లెవెల్లో రోజుకి 5 పాయింట్లు. ట్విన్ చేసి (ఇద్దరి మీద ఒకేసారి) వేగం పెంచే హేస్ట్ ఒకటి వేస్తే 3 పోయాయి. మీ చెల్లెలి చేతిలో హేస్ట్ కూడా లేదు. నిప్పు అంటని జంతువు మీద ఫైర్‌బాల్‌ని మెటామ్యాజిక్‌తో ఎన్ని వంకర్లు తిప్పినా లాభం లేదు.

కాబట్టి ఆ పిల్ల గొంతెమ్మ కోరిక కోరలేదు. తన క్లాస్‌కి బాకీ ఉన్నది అడిగింది.


పుస్తకం మోసేవాడు (నెల్లూరు), సోమవారం సాయంత్రం

అన్నా, మూడో ఎడిషన్ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. స్లాట్ల సంగతి చదివాక నా వాదన కొంచెం మెత్తబడింది, ఒప్పుకుంటున్నా. కానీ బాకీ ఉంటే ఇంకో రూపంలో తీర్చండి, నా పుస్తకంలోంచి తీసి కాదు.


కావలి వార్లాక్ (కావలి), సోమవారం రాత్రి

మేము ఆ రోజువారీ మార్పిడిని ఎనిమిది నెలలు ఆడి వదిలేశాం. ఏం జరిగిందో చెప్తాను, ఊహల మీద కొట్టుకోవడం కంటే నయం. మా టేబుల్లో నేను వార్లాక్, ఇంకో అక్క సోర్సరర్.

మొదటి నెల పండగే. రెండో నెల నుంచి మాకు తెలియకుండానే ఒక అలవాటు పట్టుకుంది. ఏ గుహ దగ్గరికి వెళ్లినా ముందు చాటుగా నడిచే రోగ్‌ని లోపలికి పంపడం, ఏముందో చూసి రమ్మనడం, బయటికొచ్చి లాంగ్ రెస్ట్ వేయడం, దానికి తగ్గ స్పెల్‌కి మార్చుకుని పొద్దున లోపలికి పోవడం. మా డీఎం నీళ్లలో మునిగిన గుడి ఒకటి మూడు వారాలు కూర్చుని తయారుచేసింది. లోపలికి వెళ్లాలంటే ఊళ్లో మత్స్యకారుల పెద్దని ఒప్పించాలి, అతని కొడుకు సంగతేదో తేల్చాలి, అప్పుడు అతను దారి చూపిస్తాడు. మా సోర్సరర్ అక్క రాత్రికి ఒక మూడో లెవెల్ స్పెల్ తీసేసి వాటర్ బ్రీతింగ్ పెట్టుకుంది. అది పదిమంది దాకా 24 గంటలు నీళ్లలో ఊపిరి ఇస్తుంది. మత్స్యకారుల పెద్దతో మేము ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మర్నాడు మళ్లీ పాత స్పెల్ వెనక్కి వచ్చేసింది. డీఎం ముఖం చూసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

ఇంకోటి, టైము. ప్రతి లాంగ్ రెస్ట్‌కీ ఇరవై నిమిషాలు చర్చే. వారానికి మూడు గంటలు దొరికే ఆటలో అది చాలా ఎక్కువ.

నీ పోస్టు మళ్లీ చదువు తమ్ముడూ. అందులో రెండు కష్టాలు కలిసిపోయి ఉన్నాయి. స్లీప్ ముసలిదైపోయింది, అది ఒకటి. హెల్ హౌండ్లకి నిప్పు అంటదు, అది రెండోది. మొదటిది ఎప్పుడో చేసిన ఎంపిక ఇప్పుడు గుచ్చుకోవడం. రెండోది రేపటి శత్రువుకి తగ్గ ఆయుధం కావాలనడం. మొదటిదానికి మందు వేయాలి. రెండోదానికి వేశామా, ఆటే పోతుంది. మాకు పోయింది.


సోమశిల గేటు (నెల్లూరు), మంగళవారం

పలక బలపం గారూ, రక్తం మారదన్నారు, బానే ఉంది. మరి కథలో మర్చిపోవడం అనేది ఎప్పుడు జరుగుతుందో ఆలోచించారా? మనకి బాగా తెలిసిన ఉదాహరణ కర్ణుడు. పరశురాముడి దగ్గర అస్త్రం నేర్చుకున్నాడు, అబద్ధం చెప్పి నేర్చుకున్నందుకు, సరిగ్గా ప్రాణం మీదికి వచ్చినప్పుడు మర్చిపోతావని శాపం. ఆ కథని తెలుగులో మనకి ఇచ్చిన తిక్కన మన నెల్లూరు ఆస్థానంలోని వాడే. కర్ణుడు లాంగ్ రెస్ట్ వేసి ఇంకో అస్త్రం పెట్టుకోగలిగితే ఆ కథలో ఎవరి కంట్లోనూ నీళ్లు రావు.

ఇంకో పక్క అర్జునుడు ఉన్నాడు. పాశుపతం కావాలంటే అడవికి పోయాడు, తపస్సు చేశాడు, కిరాతుడి రూపంలో వచ్చిన శివుడితో కలబడ్డాడు. కొత్తది తెచ్చుకున్నాడు, కానీ అందుకు రోజులు పట్టాయి, ఊరు దాటి పోవలసి వచ్చింది. మార్పిడి ఉండనీయండి. నడిచి వెళ్లి తెచ్చుకునేదిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు.


పలక బలపం (మార్కాపురం), మంగళవారం

అర్జునుడు కొత్తది తెచ్చుకున్నాడు గానీ గాండీవం ఇచ్చేసి తెచ్చుకోలేదు కదండీ. మార్పిడికీ చేర్పుకీ తేడా ఉంది. మీరు చెప్పింది చేర్పు. దానికి నేనూ ఒప్పుకుంటా: కథలో ఏదైనా సాధిస్తే సోర్సరర్‌కి అదనంగా ఒక స్పెల్ బహుమానంగా ఇవ్వండి. రాయి మీద ఇంకో పేరు రాద్దాం. ఉన్నది గీకొద్దు.


ఓగర్‌కి నిద్ర రాదు (నెల్లూరు), మంగళవారం రాత్రి

నేనే ఆ సోర్సరర్‌ని. అన్న లింకు పంపిస్తే అంతా చదివాను. మొదటిసారి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి రోజు నాకు ఆట గురించి ఏమీ తెలియదు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటే అన్న పేర్లు చదివి ఒక్కో వాక్యంలో అర్థం చెప్పాడు. నిద్రపుచ్చే మంత్రం అనగానే అదే కావాలన్నాను, ఎవరినీ చంపక్కర్లేదు కదా అని. ఆ మంత్రం పాచికల మొత్తంతో నడుస్తుందనీ, శత్రువులు పెద్దవాళ్లయ్యే కొద్దీ అది మాత్రం పెరగదనీ నాకు అప్పుడు తెలియదు. పెద్ద స్లాట్‌లో వేస్తే రెండు పాచికలు ఎక్కువ వస్తాయి అంతే. రెండు మూడు సార్లు అట్లా వేసి కూడా చూశాను, ఓగర్ కళ్లు కూడా ఆర్పలేదు.

విజర్డ్ అన్న మీద నాకు పోటీ లేదు. ఆయన పుస్తకం రాసుకున్న రాత్రి నేను పక్కనే ఉన్నాను, నాకూ ఆ సీన్ ఇష్టం. నాకు రోజూ మార్చుకునే హక్కు వద్దు. నిప్పు మంత్రాలు మూడు తీసుకుంది నేనే, ఇష్టపడి తీసుకున్నాను, వాటిని హెల్ హౌండ్ల కోసం మార్చమని అడగను. ఏ జంతువుకైనా నిప్పు అంటకపోతే నేను పారిపోవడం నేర్చుకుంటాను. తెలియక తీసుకున్న ఒక్క స్లీప్‌ని నాలుగు నెలలు అట్లాగే పట్టుకుని కూర్చోమంటేనే కష్టంగా ఉంది. నా వరస వచ్చినప్పుడల్లా కార్డులు ఆరూ చూస్తాను, అది కనపడుతుంది.


కావలి వార్లాక్ (కావలి), మంగళవారం రాత్రి

చిట్టితల్లీ, ఇంతమంది పెద్దవాళ్లం రెండు రోజులుగా చెప్పలేనిది నువ్వు నాలుగు ముక్కల్లో చెప్పావు. డీఎం తమ్ముడూ, ఈ అమ్మాయి అడిగింది ఇయ్యి.


ఇరవై ముఖాలు (ఒంగోలు), బుధవారం

2024 పుస్తకంలో దీన్ని ఎట్లా తేల్చారో చెప్పలేదు కదా ఎవరూ. అందులో సోర్సరర్‌కి అయిదో లెవెల్లో 9 స్పెల్స్, విజర్డ్‌తో సమానం. కానీ మార్పిడి మాత్రం పాతదే, లెవెల్ పెరిగినప్పుడు ఒకటి. బార్డ్, వార్లాక్ కూడా అంతే. రేంజర్, పాలడిన్ లాంగ్ రెస్ట్‌కి ఒకటి మార్చుకోవచ్చు. విజర్డ్‌కైతే అయిదో లెవెల్లో ఇంకా ఒక మెట్టు పైకి, షార్ట్ రెస్ట్ (కాసేపటి విరామం) అయ్యాక కూడా ఒక స్పెల్‌ని పుస్తకంలోని ఇంకోదానితో మార్చుకునే వీలు ఇచ్చారు. అంటే సోర్సరర్‌కి సంఖ్య పెంచారు, విజర్డ్‌కి మార్పిడి పెంచారు. మూడో ఎడిషన్ అన్న చెప్పిన బాకీని వాళ్లు ఆ రూపంలో తీర్చారని నా లెక్క.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో కూడా సోర్సరర్ లెవెల్‌కి ఒకటి మారుస్తాడు, అది కాక ఊళ్లో ఖాళీగా ఉన్న రోజుల్లో రీట్రైన్ చేసుకోవచ్చు. విజర్డ్‌లలో ఒక రకం వాళ్లకి పది నిమిషాలు కూర్చుంటే సిద్ధం చేసుకున్న స్పెల్‌ని మార్చుకునే విద్య ఉంది. అక్కడా విజర్డ్ సొత్తు మార్పిడే. రెండు ఆటలూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

మీది 2014 ఆట కాబట్టి మధ్యలో 2024 పట్టిక తెచ్చి అతికించడం ఎంత సులువో నేను చెప్పలేను. కానీ సోర్సరర్ స్పెల్స్ సంఖ్య ఒక్కటే తీసుకుంటే ఆట విరగదు, మా టేబుల్లో ఆరు నెలలుగా అట్లానే నడుస్తోంది.


పెన్నగట్టు (నెల్లూరు), గురువారం రాత్రి

అందరికీ దండాలు. మూడు రోజులు ఆఫీసులో భోజనం టైములో కూడా ఇదే ఆలోచించా. కావలి అక్క రెండు కష్టాలు విడదీసి చూపించాకే నాకు దారి కనపడింది. నియమం రాశాను, తప్పులుంటే చెప్పండి.

లెవెల్ పెరిగినప్పటి మార్పిడి ఎట్లాగూ ఉంటుంది. దానికి తోడు, తెలిసిన స్పెల్స్‌తో ఆడే ఏ పాత్ర అయినా లెవెల్‌కి ఒక్కసారి, ఊళ్లో ఏడు రోజులు గడిపితే ఒక స్పెల్ మార్చుకోవచ్చు. కొత్తది పాతదాని లెవెల్‌దే. పోయిన స్పెల్ మళ్లీ లెవెల్ పెరిగేదాకా తిరిగి రాదు.

ఆ చివరి వాక్యం మీదే నా ఆశ అంతా. కావలి అక్క చెప్పిన నీటి గుడి దగ్గర ఆ వాక్యం ఉండుంటే, వాటర్ బ్రీతింగ్ కోసం ఇచ్చేసిన స్పెల్ నెలల తరబడి పోయేది, ఒక్క గుడి కోసం ఎవరూ ఆ పని చేయరు. నిజంగా విసిగిపోయిన స్పెల్‌ని వదులుకోడానికి మాత్రం ఎవరికీ బెంగ ఉండదు.


మూడో ఎడిషన్ మనిషి (నెల్లూరు), గురువారం రాత్రి

చివరి వాక్యం బాగుంది. ఏడు రోజులు అన్నది బాగాలేదు. నీ ఆట నాకు తెలుసు కదా అబ్బయ్యా, రాజుగారి కూతుర్ని ఎత్తుకుపోయారని వెంటపడతా ఉండారు మీరు, ఏడు రోజులు ఏ ఊళ్లో కూర్చుంటారు? హక్కు ఇచ్చినట్టే ఉంటుంది, వాడుకునే రోజు రాదు. కాలం ఆటలోది పెట్టొద్దు, బయటిది పెట్టు. ఆదివారం ఆట మొదలయ్యే ముందు, నువ్వు నోరు తెరిచి ఆ రోజు కథ ఎత్తుకోక ముందు మార్చుకోవాలి. ముందు ఏముందో తెలియదు కాబట్టి వేగు పనికి వాడుకోలేరు.


పుస్తకం మోసేవాడు (నెల్లూరు), శుక్రవారం

ఆట ముందు మార్చుకోవడం, లెవెల్‌కి ఒక్కసారి, పోయింది తిరిగి రాకపోవడం. ఈ మూడూ ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా పుస్తకంలోంచి ఏమీ పోలేదు.

ఒక్కటి అడుగుతా. ఇరవై ముఖాలు గారు చెప్పిన ట్యాషా క్యాంట్రిప్ మార్పిడి నాకు కూడా ఇయ్యి. పద్నాలుగు నెలలుగా లైట్ అనే క్యాంట్రిప్ మోస్తున్నా, మా క్లెరిక్‌కీ అదే ఉంది.


పలక బలపం (మార్కాపురం), శుక్రవారం

నేను ఒప్పుకోలేదని రాసి పెట్టుకోండి. ఈ నియమం చెడ్డది కాదు, ఇక్కడ వచ్చినవాటిలో ఇదే మేలు. కానీ నా టేబుల్లోకి రానివ్వను. మా సోర్సరర్ ఆడే అబ్బాయి రెండో లెవెల్లో పొరపాటున తీసుకున్న స్పెల్‌తో ఏడాది బతికాడు, దాన్ని ఎవరూ అనుకోని చోట్ల వాడటం నేర్చుకున్నాడు. ఆ ఏడాదిని నేను ఏ నియమానికీ ఇవ్వను. ఆ రాయి ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంది.


ఓగర్‌కి నిద్ర రాదు (నెల్లూరు), శుక్రవారం

పలక బలపం గారూ, మీ అబ్బాయి ఆ స్పెల్‌ని ఎట్లా వాడాడో రాయరా? నిజంగా తెలుసుకోవాలనుంది.


పలక బలపం (మార్కాపురం), శుక్రవారం రాత్రి

అది ఫెదర్ ఫాల్ అమ్మా, పడేవాళ్లని మెల్లగా దించే స్పెల్. ఎక్కడి నుంచీ పడని ఆటలో అది తీసుకున్నాడు. తర్వాత మావాళ్లే కావాలని పడటం మొదలుపెట్టారు. కోట గోడ మీద నుంచి అయిదుగురూ ఒకేసారి దూకేశారు, శత్రువులు మెట్ల మీద కాపు కాస్తుంటే. అది అయిదుగురికే పనిచేస్తుంది, వీళ్లు సరిగ్గా అయిదుగురు. ఇంకోసారి రాయబారానికి వచ్చిన వాడు భయపడి బాల్కనీ మీద నుంచి జారితే వాడిని కాపాడాడు, ఆ మనిషే తర్వాత మా పక్షానికి వచ్చాడు. నువ్వు స్లీప్ మార్చుకో, నేను వద్దనను. నీది నీ టేబుల్.


పెన్నగట్టు (నెల్లూరు), ఆదివారం రాత్రి

ఇవాళ ఆడాం. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మా టేబుల్లో స్పెల్ కార్డులు పాత శుభలేఖల వెనక రాసుకుంటాం. అట్ట గట్టిగా ఉంటుంది, ఒక పక్క తెల్లగా ఉంటుంది. అయిదో ఎడిషన్ మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు కాబట్టి అందులోని స్పెల్స్‌ని నేను తెలుగులో రాసి పంచుతున్నా, మొదటి రోజు పిల్లకి ఒక్కో వాక్యంలో చెప్పిన తప్పు మళ్లీ చేయకుండా. ఒకటో లెవెల్ సోర్సరర్ స్పెల్స్ మొత్తం తెలుగులో రాసి శనివారమే తనకి ఇచ్చా. రాత్రంతా చదువుకుందట.

మధ్యాహ్నం రెండున్నరకి, మూడో ఎడిషన్ అన్న మాట ప్రకారం, నేను తెర నిలబెట్టి కథ ఎత్తుకోకముందే, స్లీప్ కార్డు నా చేతిలో పెట్టింది. బదులుగా తీసుకుంది షీల్డ్. దానికి ముందు ఫెదర్ ఫాల్ కార్డుని చాలాసేపు పట్టుకుని చూసింది, మార్కాపురం ప్రభావమే.

మూడో గంటలో ఓగర్ గద ఎత్తింది. నేను పాచిక వేశా, మొత్తం 18. తన ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15, షీల్డ్ దానికి అయిదు కలుపుతుంది. తగిలింది అని నేను అంటుండగానే తను కార్డు టేబుల్ మీద కొట్టి "షీల్డ్, ఇరవై!" అని అరిచిన అరుపుకి కింద వాటా వాళ్లు మెట్లెక్కి పైకొచ్చారు. విజర్డ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆయనకి క్యాంట్రిప్ నియమం ఇచ్చేశా. లైట్ పోయి మైనర్ ఇల్యూజన్ వచ్చింది.

స్లీప్ కార్డు నా డబ్బాలో ఉంది. దాని మీద పెన్సిల్‌తో 'ఆరో లెవెల్ దాకా' అని రాశా.


కావలి వార్లాక్ (కావలి), ఆదివారం రాత్రి

నీ నియమం మా టేబుల్‌కి తీసుకెళ్తున్నా. ఒక్క అనుమానం: మాలాంటి వార్లాక్‌కి పదకొండో లెవెల్లో వచ్చే మిస్టిక్ ఆర్కేనమ్ (వార్లాక్‌కి శక్తినిచ్చే పోషకుడు ఇచ్చే పెద్ద మంత్రం) కూడా ఇందులోకి వస్తుందా? ట్యాషాలో దానికి వేరే మార్పిడి ఉంది, ఎబిలిటీ స్కోర్ పెరిగే లెవెళ్లలో. నేనిప్పుడు పదిలో ఉన్నా, సంక్రాంతి లోపల తేల్చి చెప్పు తమ్ముడూ.


పెన్నగట్టు (నెల్లూరు), ఆదివారం రాత్రి

రాదక్కా. ఆర్కేనమ్‌ని ట్యాషా దారిలోనే పోనీ. అది పోషకుడు చేతిలో పెట్టిన వరం, దాని మీద నేను చెయ్యి వేయను.